హెచ్‌టీఎంఎల్‌కీ పుస్తకం కావాలి

"హెచ్‌టీఎంఎల్‌కు కూడా బుక్కెందుకు సార్? రెండ్రోజుల్లో అయిపోతది కదా!"

వెబ్ పేజీలు రాయడం నేర్పే నా తరగతిలో కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతారు. అడిగేది నల్లగొండ అబ్బాయి కావచ్చు, గుంటూరు అమ్మాయి కావచ్చు. వాళ్ళను తప్పుపట్టను. సీనియర్లు వాళ్ళకు అదే చెప్పారు. అమీర్‌పేటలో జిరాక్సు నోట్సు కొనుక్కొని చదివినవాళ్ళూ, ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలూ అక్కలూ అదే చెబుతున్నారు. జావాకు పుస్తకం కొనుక్కో, పైథాన్‌కు కొనుక్కో, హెచ్‌టీఎంఎల్‌కు మాత్రం డబ్బులు తగలేయకు, నాలుగు ట్యాగులు చూసి రాసుకుంటే వచ్చేస్తుంది. ఇదీ అందరి మాట.

ఈ మాట తప్పు. మన పిల్లల పనితనాన్ని మొదటి వారంలోనే పాడుచేస్తున్న తప్పు. మొదటి పుస్తకాన్ని అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచుకోవలసిన భాష హెచ్‌టీఎంఎల్ అని నా వాదన.

సి భాషలో ఒక సెమీకోలన్ మరిచిపోయి చూడండి. కంపైలర్ ఊరుకోదు. ఫలానా లైనులో తప్పుందని మొహం మీదే చెబుతుంది. పైథాన్‌లో లైను ముందు ఖాళీ అటూ ఇటూ అయితే ప్రోగ్రాము నడవనే నడవదు. ఆ భాషల్లో పుస్తకం లేకపోయినా తిట్టి దారిలో పెట్టే గురువు ఒకరు యంత్రంలోనే కూర్చుని ఉంటారు. హెచ్‌టీఎంఎల్‌కు ఆ గురువు లేడు. ట్యాగు తెరిచి మూయడం మరిచిపోయినా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా ఇరికించినా, అసలు లేని ట్యాగు పేరొకటి కల్పించి రాసినా బ్రౌజర్ నోరెత్తదు. సర్దుకుని పేజీ చూపించేస్తుంది. 1990లలో ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా సర్దుకునేది. హెచ్‌టీఎంఎల్5 నాటికి ఏ తప్పును ఎలా సర్దుకోవాలో కూడా ప్రమాణంలోనే రాసిపెట్టారు. మధ్యలో 2000లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. దాని నియమాలను అక్షరాలా అమలుచేస్తే ఒక్క తప్పుకు మొత్తం పేజీయే తెరుచుకోదు. జనం దాన్ని భరించలేకపోయారు. బ్రౌజర్‌కున్న ఈ ఓర్పు వల్లనే వెబ్ ఊరూరా పాకింది, అందులో సందేహం లేదు. కానీ నేర్చుకునేవాడికి ఆ ఓర్పే శత్రువు. తప్పు రాసినా ఒప్పులాగే కనిపించే చోట 'చేసి చూసి నేర్చుకో' అన్న సలహా పనికిరాదు. చూస్తే తెలిసే తప్పులు కావవి. తెలిసినవాళ్ళు ముందే చెప్పి ఉండాలి. మంచి పుస్తకం చేసే పని అదే.

ఈ తప్పులు ఎవరికి తగులుతాయో నేను ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. డిగ్రీలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటున్న కుర్రాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాడు. ఉచితంగా దొరుకుతుంది, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. కాలేజీవారి ఫారం తెరిచి ట్యాబ్ మీట నొక్కాడు. "ఎడిట్, బ్లాంక్" అంది. మళ్ళీ నొక్కాడు. "ఎడిట్, బ్లాంక్." పదకొండు గడులకూ పదకొండుసార్లు అదే మాట. తెర మీద నాకు మాత్రం అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి: పేరు, తండ్రి పేరు, ఇంటర్ హాల్‌టికెట్ నంబరు. కానీ ఆ పేర్లు పక్కన ఊరికే రాసిన అక్షరాలు. ఈ పేరు ఈ గడిదే అని లేబుల్ ట్యాగుతో ముడివేయలేదు. చూపున్నవాళ్ళకు పక్కపక్కన ఉండడమే సంబంధం. వినేవాడికి ఆ పక్కతనం లేదు. చివర ఆకుపచ్చ రంగులో 'సమర్పించు' అని పెద్ద బటన్ ఉంది. అది బటన్ కానే కాదు, రంగు పూసిన డివ్, అంటే సొంత అర్థమేమీ లేని ఉత్త డబ్బా. మౌసుతో నొక్కితే పనిచేస్తుంది, ట్యాబ్ మీటకు మాత్రం దొరకదు. ఆ అబ్బాయి ఫారం చివరిదాకా వెళ్ళి, తిరిగి పైకి వచ్చి, ల్యాప్‌టాప్ మూసేశాడు. "అక్క సాయంత్రం వస్తది సార్, నింపిస్త" అన్నాడు.

ఆ ఫారం రాసినవాళ్ళకు ఎవరినీ బాధపెట్టాలని లేదు. రాశారు, బ్రౌజర్‌లో చూసుకున్నారు, బాగుంది, అప్పగించేశారు. రెండ్రోజుల్లో నాలుగు ట్యాగులు నేర్చుకున్న చేతికి అంతకంటే ఎలా తెలుస్తుంది? లేబుల్ ట్యాగు రాయడానికి అరనిమిషం చాలు. అది ఎందుకు రాయాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ అనే సంస్థ 2019 నుంచి ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోం పేజీలను పరీక్షిస్తోంది. ప్రతి ఏడూ నూటికి తొంభైకి పైగా పేజీల్లో తప్పులు దొరుకుతూనే ఉన్నాయి. పదే పదే దొరికేవీ అవే: బొమ్మకు వివరణ లేకపోవడం, ఫారం గడికి లేబుల్ లేకపోవడం, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం, లోపల ఏమీ లేని లింకులు, బటన్లు. ఇవేవీ పెద్ద సాంకేతిక రహస్యాలు కావు. అన్నీ మొదటి పుస్తకంలో మొదటి సగంలో ఉండాల్సిన పాఠాలే.

హెచ్‌టీఎంఎల్ పేరులోనే ఉన్న మార్కప్ అన్న మాటకు అసలు అర్థమేమిటో మరిచిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదంతా. ఆ మాట అచ్చాఫీసుల్లో పుట్టింది. రాతప్రతి మార్జిన్లలో కంపోజిటర్ కోసం ఎడిటర్ పెట్టే గుర్తులే మార్కప్: ఇది ఇంత సైజు అక్షరం, ఇది బొద్దుగా, ఇది మధ్యకు. కంప్యూటర్లు వచ్చిన తొలిరోజుల్లోనూ అవే గుర్తులు యంత్రానికి రాసేవాళ్ళు. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనే ముగ్గురు దీన్ని మలుపు తిప్పారు. గోల్డ్‌ఫార్బ్ అంతకుముందు న్యాయవాది. ఆ ముగ్గురూ పని మొదలుపెట్టింది న్యాయవాదుల కార్యాలయాల కాగితాలతోనే. అక్షరం ఎంత పెద్దదో కాగితంలో రాయొద్దు, అది ఏమిటో రాయండి అన్నారు: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా. ఎలా కనిపించాలన్నది తర్వాత వేరే చోట తేల్చుకోవచ్చు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దానికి జీఎంఎల్ అన్న పేరొచ్చింది. 1986లో అది ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. సెర్న్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ తన వెబ్ కోసం హెచ్‌టీఎంఎల్‌ను అల్లుకున్నది ఆ నమూనా మీదనే. హెచ్‌టీఎంఎల్ పుట్టింది వస్తువుకు పేరు పెట్టడానికి. రంగు పూయడం దాని పని కాదు.

ఆ తర్వాత బ్రౌజర్ల పోటీలో ఫాంట్ ట్యాగు, సెంటర్ ట్యాగు వచ్చిపడ్డాయి. 1997లో హెచ్‌టీఎంఎల్ 4.0 వాటిని మానుకోండి, అలంకారానికి సీఎస్ఎస్ ఉంది అని చెప్పింది. పుస్తకాలు వినలేదు. విన్నవాళ్ళు కూడా ఫాంట్ ట్యాగును తీసేశారు గానీ పాఠం చెప్పే తీరు మార్చలేదు. హెచ్1 అంటే పెద్ద అక్షరాలు, బ్లాక్‌కోట్ అంటే కాస్త లోపలికి జరపడం అనే చెబుతూ వచ్చారు. ఆ పాఠం విన్నవాళ్ళు తెలుగు పద్యం అందంగా లోపలికి జరగాలని బ్లాక్‌కోట్ వాడతారు. స్క్రీన్ రీడర్ మాత్రం అది ఎవరి దగ్గరో తీసుకున్న మాట అని ప్రకటిస్తుంది. సొంతంగా రాసుకున్న పద్యం వినేవాడికి అరువు పద్యమవుతుంది.

కనిపించడానికీ కావడానికీ ఉన్న తేడా తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. యూనికోడ్ వాడకంలోకి రాకముందు మన దినపత్రికల వెబ్‌సైట్లు ఎలా ఉండేవో గుర్తు చేసుకోండి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకుంటే తెలుగు, లేకపోతే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. పేజీ లోపల ఉన్నవి నిజంగా ఆ గుర్తులే. వాటి మీద ఫాంట్ ట్యాగుతో తెలుగు ముసుగు వేశారు. తెర మీద 'అ' కనిపించేది గానీ, యంత్రానికి అది 'అ' అని తెలియదు. వెతికితే దొరికేది కాదు. ఒక పత్రిక నుంచి కాపీ చేసి ఇంకోచోట పెడితే చెల్లేది కాదు. ఫైర్‌ఫాక్స్‌లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి పద్మ అనే ఉపకరణమే తయారు చేయాల్సి వచ్చింది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా ఏళ్ళ తరబడి మన భాష వెబ్‌లో బొమ్మలా మిగిలింది. అంత దెబ్బ తిన్నవాళ్ళం, ఇప్పటికీ 'కనిపిస్తే చాలు' అనే పాఠంతోనే పిల్లలకు చదువు మొదలుపెట్టడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చాయి. కానీ తెలుగు పేజీల సోర్సు తెరిచి మొదటి లైన్లు చూడండి. భాష పేరు చెప్పే లాంగ్ అనే గుణం దగ్గర 'ఈఎన్' అని ఉన్న పేజీలు కోకొల్లలు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న నమూనాలో అలా ఉంది, ఎవరూ మార్చలేదు. అక్కడ 'టీఈ' అని రాస్తే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారగలదు. బ్రౌజర్ ఇది తెలుగు అని గ్రహిస్తుంది. రాయాల్సింది రెండక్షరాలు. ఈ సంగతి మొదటి అధ్యాయంలో చెప్పని పుస్తకం తెలుగు విద్యార్థి చేతికి ఇవ్వదగ్గది కాదు.

ఎలా ఎంచుకోవాలి మరి? నేను చేసే పని చెబుతాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, హైదరాబాదు వాళ్ళకు తెలిసిందే. అక్కడ కంప్యూటర్ పుస్తకాల కుప్పలో హెచ్‌టీఎంఎల్ పేరున్నవి ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. అట్ట చూడను, ఎన్ని పేజీలో చూడను. శీర్షికల గురించి చెప్పిన పేజీ తీస్తాను. మొన్నామధ్య తీసిన ఒక లావుపాటి పుస్తకంలో హెచ్1 నుంచి హెచ్6 దాకా ఒకదాని కింద ఒకటి అచ్చువేసి, మొదటిది అన్నిటికంటే పెద్ద అక్షరాలనూ చివరిది అన్నిటికంటే చిన్న అక్షరాలనూ ఇస్తుందని రాశారు. అంతే, ఇంకో వాక్యం లేదు. మూసి పెట్టేశాను. ఆ ఒక్క పేజీ చదివిన పిల్లవాడు రేపు పేజీలో చిన్న అక్షరాలు కావాలనుకున్నచోటల్లా హెచ్5 పెడతాడు, పెద్దవి కావాలంటే పేరా మొత్తాన్ని హెచ్2లో కూరుతాడు. ఎన్‌వీడీఏ వాడేవాళ్ళు హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. మనం పత్రిక తిరగేస్తూ హెడ్డింగులు చూసుకున్నట్టే అది. శీర్షిక కానిది శీర్షికయితే వాళ్ళ దారి మొత్తం తప్పుతుంది. అదే కుప్పలో అడుగున ఉన్న సన్నటి పుస్తకంలో మాత్రం శీర్షికలంటే విషయసూచిక అనీ, హెచ్2 కింద హెచ్3 రావాలి గానీ ఎగిరి హెచ్5కు పోకూడదనీ, సైజు సంగతి సీఎస్ఎస్‌లో చూసుకుందామనీ ఉంది. ఆ పుస్తకం తెచ్చుకున్నాను.

ఆ పేజీ నెగ్గితే బొమ్మల పేజీ తీస్తాను. ఆల్ట్ గుణం గురించి 'బొమ్మ రానప్పుడు కనిపించే అక్షరాలు' అని ముక్తసరిగా వదిలేశారా, బొమ్మ ఏం చెబుతోందో అది రాయాలని ఒక ఉదాహరణ ఇచ్చారా చూస్తాను. ఫారాల అధ్యాయంలో లేబుల్ మొదటి ఉదాహరణలోనే ఉందా, ఎక్కడో చివర ఉందా చూస్తాను. ఇంత చాలు. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

"పుస్తకాలు పాతబడతాయి కదా" అంటారు. సగం నిజం. 1991లో బెర్నర్స్-లీ రాసిన తొలి ట్యాగుల పట్టికలో పేరా ఉంది, ఆరు శీర్షికలున్నాయి, జాబితా ఉంది, లింకు ఉంది. అన్నీ ఈరోజుకీ ఉన్నాయి. సెర్న్ వాళ్ళు తొలి వెబ్‌సైటును 2013లో పాత చిరునామాలోనే మళ్ళీ నిలబెట్టారు. నేటి ఫోనులో అది చక్కగా తెరుచుకుంటుంది. ఈ భాషలో పాతబడింది అలంకారం, అర్థం కాదు. జాన్ డకెట్ 2011లో తెచ్చిన 'హెచ్‌టీఎంఎల్ అండ్ సీఎస్ఎస్' చూడండి. అందులో ఫ్లాష్ గురించి పాఠం ఉంది. ఫ్లాష్ 2020 చివర్లో కన్నుమూసింది. పేజీ అమరికను ఫ్లోట్లతో నేర్పుతారు, ఇవాళ ఫ్లెక్స్‌బాక్సూ గ్రిడ్డూ వేరే చోట నేర్చుకోవాలి. అయినా నిర్మాణం చెప్పే మార్కప్ వేరు, అర్థం చెప్పే మార్కప్ వేరు అని మొదట్లోనే విడదీసి చూపిన పుస్తకమది. పాతబడ్డ అధ్యాయాలు వదిలేసి చదవమని నా విద్యార్థులకు ఇప్పటికీ చెబుతాను. నిన్న అచ్చయి హెచ్1ను పెద్ద అక్షరాలని చెప్పే పుస్తకం కంటే అది వెయ్యి రెట్లు నయం.

రోజుల లెక్క చెప్పే పుస్తకాల మీద కూడా ఒక మాట. లారా లెమే 1995లో వారం రోజుల్లో నేర్పుతానని పుస్తకం రాశారంటే అప్పటి భాష అంత చిన్నది, ఆ మాట చెల్లింది. ఇప్పుడు వందకు పైగా ఎలిమెంట్లున్న భాషకు అదే వాగ్దానాన్ని అట్ట మీద వేయడం అన్యాయం. ఆ అట్టలే 'రెండ్రోజుల' నమ్మకాన్ని పెంచి పోషించాయి.

వీడియోలున్నాయి కదా అని ఇంకో వాదన. వీడియో కంటికి చూపించి నేర్పే సాధనం. 'ఇలా రాయండి, ఇదిగో ఇలా వచ్చింది' అనడమే దాని బలం. హెచ్‌టీఎంఎల్‌లో సరిగ్గా అదే మోసం చేస్తుంది. పేజీ బాగా వచ్చిందని చూపగానే పాఠం ముగిసిపోతుంది. ఎన్‌వీడీఏ పెట్టి వినిపించి ముగించే వీడియోలు లేవని కాదు, కొత్తగా వెతికేవాడికి ముందు దొరికేవి అవి కావు.

నన్ను కాస్త ఆలోచింపజేసే ప్రత్యర్థులు వేరే ఉన్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఏ పుస్తకమూ లేకుండా, నచ్చిన పేజీల సోర్సు తెరిచి చూసి నేర్చుకున్నవాళ్ళు. మేం బాగానే ఉన్నాం కదా అంటారు. నిజమే, వాళ్ళలో మంచి పనివాళ్ళున్నారు. కానీ వాళ్ళు చూసిన పేజీలు మనుషులు చేత్తో రాసినవి. ఇవాళ ఏ పెద్ద సైటు సోర్సు తెరిచినా ఫ్రేమ్‌వర్కులు కక్కిన డివ్‌ల గుట్టలే. వాటిని చూసి నేర్చుకున్నవాడికి డివ్ తప్ప ఇంకో ఎలిమెంట్ ఉందని తోచదు. వాళ్ళు ఎక్కిన నిచ్చెన ఇప్పుడు అక్కడ లేదు. లేని నిచ్చెన ఎక్కమని తమ్ముళ్ళకు చెప్పడం న్యాయమా?

ఇక ఏఐ రాసిపెడుతుంది అనేవాళ్ళు. రాస్తుంది. రాసినదాంట్లో లేబుల్ ఉందో లేదో, బటన్ బటనేనో డివ్వో చూసి చెప్పాల్సింది ఎవరు? అది చూడగల కన్ను రావడానికే చదువు.

ఒక్క ఫిర్యాదు మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. మంచి పుస్తకాలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకు ఆ లావు, ఆ భాష భయం పుట్టిస్తాయి. నా చేతికొచ్చిన తెలుగు పుస్తకాలు ఎక్కువగా ట్యాగుల పట్టికలే. ఇంగ్లిషు పుస్తకంలోని వరుసను తెలుగు లిపిలో ఎక్కించినవి. వాటికంటే ఎనభై పేజీల పుస్తకం ఒకటి చాలు: పెళ్ళి శుభలేఖో, పంచాయతీ నోటీసో, బస్సుల టైంటేబులో తీసుకుని ఇందులో శీర్షిక ఏది, జాబితా ఏది, పట్టిక ఏది అని విడమరిచి, ప్రతి పాఠం చివర కళ్ళు మూసుకుని స్క్రీన్ రీడర్‌లో వినమని చెప్పేది. రాయగలిగినవాళ్ళు మనలో ఉన్నారు. రాయండి.

కోచింగ్ ఇచ్చేవారికి నా విన్నపం ఒకటుంది. మొదటి వారం రంగులు, ఫాంట్లు అసలు ముట్టుకోనివ్వకండి. కొత్త బ్యాచ్‌లో ప్రతి ఒక్కరి చేతా ఒక ఫారం రాయించి, తెర ఆపేసి, ట్యాబ్ నొక్కుతూ వినమనండి. "ఎడిట్, బ్లాంక్" అని వాళ్ళ చెవులతో వాళ్ళే విన్న రోజున పుస్తకం ఎందుకని మళ్ళీ అడగరు. నా బ్యాచ్‌లో అడగలేదు.